‘అలీయే వచ్చాడు’: ఫార్సీలో ఆ ‘ఏ’ ఎక్కడుంది?

టెహ్రాన్‌లో షేర్ ట్యాక్సీలు చాలా మామూలు. దిగాల్సిన చోటు దగ్గర పడగానే ప్రయాణికులు డ్రైవర్‌తో అనే మాట ఒకటుంది: ‘హమీన్ జా పియాదె మీషమ్.’ అంటే, ‘ఇక్కడే దిగిపోతానండీ’ అని. ‘ఈన్ జా’ అంటే ఇక్కడ. దాని ముందు ‘హమ్’ వచ్చి కలిస్తే ‘హమీన్ జా’, ఇక్కడే. అలాగే ‘ఆన్ జా’ అంటే అక్కడ, ‘హమాన్ జా’ అంటే అక్కడే.

ఫార్సీ, అంటే పర్షియన్, కొత్తగా నేర్చుకుంటున్న తెలుగువాళ్ళకి ఇది చూడగానే ప్రాణం లేచొస్తుంది. మన ‘ఏ’కి జోడీ దొరికిందనిపిస్తుంది. అదే ఊపులో ‘అలీయే వచ్చాడు’ అని చెప్పబోతే మాత్రం బండి ఆగిపోతుంది. ‘హమ్ అలీ ఆమద్’ అంటే వినేవాళ్ళు ఇంకో పేరు కోసం ఎదురుచూస్తారు. ఎందుకంటే అది ‘అలీ వచ్చాడు, మర్యమూ వచ్చింది’ లాంటి వాక్యానికి మొదటి సగం. పోనీ ‘అలీ హమ్ ఆమద్’ అందామంటే ‘అలీ కూడా వచ్చాడు’ అయిపోతుంది. చెప్పదలుచుకున్నదొకటి, చెప్పింది ఇంకొకటి.

చిక్కు ఫార్సీలో లేదు, మన ‘ఏ’లో ఉంది. అది ఒక్క అక్షరమే గానీ చేసే పనులు చాలా. ‘అలీయే వచ్చాడు’ అన్న వాక్యాన్నే చూడండి. ‘వచ్చింది ఇంకెవరో కాదు, అలీ’ అని ఒక అర్థం. ‘ఎవరినో పంపకుండా అలీ స్వయంగా వచ్చాడు’ అని ఇంకొకటి. ‘పిలిచినవాళ్ళందరిలో అలీ ఒక్కడే వచ్చాడు’ అనే అర్థంలోనూ సందర్భాన్ని బట్టి వాడతాం. తెలుగులో ఈ మూడూ ఒకే మాటలో సర్దుకుంటాయి కాబట్టి తేడా ఉందన్న సంగతే మనకి తట్టదు. ఫార్సీలో మూడింటికీ మూడు దార్లు. ఇంకెవరూ రాలేదనాలంటే ‘ఫగత్ అలీ ఆమద్’. స్వయంగా వచ్చాడనాలంటే ‘ఖొద్-ఎ అలీ ఆమద్’. వచ్చింది ఎవరో తేల్చి చెప్పాలంటే గొంతుతో ‘అలీ’ని నొక్కాలి, లేదా ‘అలీ బూద్ కె ఆమద్’ అని వాక్యాన్నే విడగొట్టాలి. కాబట్టి నేర్చుకునేవాళ్ళు వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఏ’ని ఫార్సీలో ఏమంటారన్నది కాదు. ‘ఇక్కడున్నది ఏ రకం ఏ?’ అన్నది.

ముందు, మనకి తేలికైన సంగతి. రెండు భాషల మధ్య చుట్టరికం లేదు, ఒకటి ద్రావిడ భాష, ఇంకొకటి ఇండో యూరోపియన్. అయినా వాక్యం నడక ఒకటే. ‘అలీ దీరూజ్ కెతాబ్ ఖరీద్’ అన్న దాన్ని మాటకి మాట పెట్టి ‘అలీ నిన్న పుస్తకం కొన్నాడు’ అనొచ్చు. క్రియ చివరే. ‘దీరూజ్’లోని రూజ్ మన రోజు, ‘ఖరీద్’ మన ఖరీదు. ఫార్సీలో దాని అర్థం కొనుగోలు, మన దగ్గర ధర అయింది. ప్రశ్న వేసే మాటలు కూడా ఉన్నచోటే ఉంటాయి: ‘అలీ కొజా రఫ్త్?’ అంటే ‘అలీ ఎక్కడికి వెళ్ళాడు?’ క్రియకి సరిగ్గా ముందున్న చోటు వాక్యంలో సహజంగా బలమున్న చోటు. వినేవాళ్ళకి కొత్త సంగతి ఏదో అది సాధారణంగా అక్కడ ఉంటుంది. ఇది తెలుగువాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లీషు పుస్తకాలతోనో యాప్‌లతోనో నేర్చుకోవడం వల్ల చాలామంది ఈ లాభాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు.

దానికి ఒక చిన్న గుర్తు చాలు. ఫార్సీ క్రియలోనే ‘నేను’, ‘నువ్వు’ ఇమిడి ఉంటాయి. ‘గొఫ్తమ్’ అంటే చాలు, ‘చెప్పాను’. మనమూ అంతే, ‘చెప్పాను’ అంటే చెప్పింది ఎవరో తెలిసిపోతుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు మాత్రం ప్రతి వాక్యం మొదట్లో ‘మన్’ (నేను) పెడతారు. ‘మన్ రఫ్తమ్, మన్ దీదమ్, మన్ ఖరీదమ్...’ తప్పు కాదు గానీ, చెవికి అది ‘నేను వెళ్ళాను, నేను చూశాను, నేను కొన్నాను’ అని గుండె చరుచుకుంటున్నట్టు ఉంటుంది. ఫార్సీలో ‘మన్’ పెట్టడమే ఒక రకం నొక్కు. అవసరం లేనప్పుడు పెట్టేస్తే, నిజంగా నొక్కాల్సి వచ్చినప్పుడు చేతిలో ఏమీ మిగలదు.

ఇక కర్మ దగ్గరికి వస్తే ‘రా’ అనే చిన్న మాట ఉంది. మాట్లాడేటప్పుడు అది ‘రొ’ అనో ‘ఒ’ అనో అయిపోతుంది. ‘అలీ బె మర్యమ్ కెతాబ్ దాద్’ అంటే ‘అలీ మర్యమ్‌కి పుస్తకం ఇచ్చాడు’. ఏ పుస్తకమో మనకి పట్టలేదు. ‘అలీ కెతాబ్ రా బె మర్యమ్ దాద్’ అంటే ‘అలీ ఆ పుస్తకాన్ని మర్యమ్‌కి ఇచ్చాడు’. ఇక్కడ పుస్తకం ఏదో ఇద్దరికీ తెలుసు. ‘రా’ చేరగానే పుస్తకం క్రియ పక్క నుంచి లేచి ముందుకి జరిగిపోవడం గమనించండి. ఫార్సీలో మాటల చోట్లు మారడం గురించి ఎంతో పని చేసిన భాషాశాస్త్రవేత్త సిమిన్ కరీమీ కూడా ఈ రెండు రకాల కర్మలకీ వాక్యంలో రెండు వేర్వేరు చోట్లున్నాయని వాదించారు. తెలుగులో ‘పుస్తకం ఇచ్చాడు’, ‘పుస్తకాన్ని ఇచ్చాడు’ అన్నవాటి మధ్య ఉన్న తేడా దీనికి బాగా దగ్గర.

అయితే చాలామంది ఇక్కడే పొరపడి, ‘రా’ పెడితే నొక్కి చెప్పినట్టే అనుకుంటారు. ‘రా’ పని అది కాదు. ఫలానాది అని గుర్తుపట్టించడమే దాని పని. ‘కెతాబ్ రా అలీ ఖరీద్’ అని పుస్తకాన్ని వాక్యం మొదటికి తెచ్చినా అది ‘పుస్తకాన్నే’ అయిపోదు. మామూలుగా పలికితే ‘ఆ పుస్తకం సంగతా, దాన్ని అలీ కొన్నాడు’ అన్నట్టు ఉంటుంది, బలం అలీ మీదే పడుతుంది. అదే వాక్యంలో ‘కెతాబ్’ దగ్గర గొంతు పెంచి మిగతాదంతా చప్పగా అనేస్తే అప్పుడు ‘పుస్తకాన్నే కొన్నాడు, ఇంకేదో కాదు’ అవుతుంది. అక్షరాల్లో రెండూ ఒకటే, తేడా అంతా గొంతులోనే ఉంది.

తెలుగువాళ్ళు అన్నిటికన్నా ఎక్కువ కష్టపడాల్సింది ఈ గొంతు దగ్గరేనని చెప్పాలి. తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కి పలికినా మాట అర్థం మారదు. ఫార్సీలో మారుతుంది. ‘వలీ’ అన్న మాటలో మొదటి భాగాన్ని నొక్కితే ‘కానీ’ అని అర్థం, చివరి భాగాన్ని నొక్కితే సంరక్షకుడు. ‘మర్దీ’లో ‘మర్’ మీద నొక్కు పడితే ‘ఒక మగమనిషి’, ‘దీ’ మీద పడితే ‘మగతనం’. ఫార్సీ లిపిలో ఇవి ఒకేలా రాస్తారు, కాబట్టి చదివేవాళ్ళు సందర్భాన్ని బట్టి పోల్చుకోవాల్సిందే. సాధారణంగా పేర్లలో, గుణాలు చెప్పే మాటల్లో నొక్కు చివర ఉంటుంది. ఎవరినైనా పిలిచేటప్పుడు మాత్రం మొదటికి జరుగుతుంది. క్రియకి ముందు ‘మీ’ చేరితే నొక్కు దాని మీదికి పోతుంది, ‘నె’ అనే వ్యతిరేక గుర్తు చేరితే ఇంక దానిదే పైచేయి. ‘మీరవమ్’ (వెళ్తాను)లో ‘మీ’ గట్టిగా వినిపిస్తుంది, ‘నెమీరవమ్’ (వెళ్ళను)లో ‘నె’.

మాటల సంగతి అది. వాక్యం మొత్తానికి కూడా ఒక శిఖరం ఉంటుంది. ‘అలీ దీరూజ్ ఆమద్’ అన్న మూడు మాటల వాక్యాన్ని గట్టిగా చదివి చూడండి. ‘అలీ’ దగ్గర గొంతు లేపి, తర్వాత రెండు మాటల్నీ కిందికి దించేస్తే ‘నిన్న వచ్చింది అలీ’ అన్నమాట. అలీని మామూలుగా అనేసి ‘దీరూజ్’ని లేపితే ‘అలీ వచ్చింది నిన్న, ఇవాళ కాదు’. కీలకం లేపడంలో ఒక్కటే లేదు. లేపిన మాట తర్వాత వచ్చేదాన్ని నేలకి దించేయడంలో కూడా ఉంది. తెలుగులో ఆ పని ‘ఏ’ చేసిపెడుతుంది కాబట్టి మన గొంతు అంత కష్టపడదు. అందుకే తెలుగువాళ్ళ ఫార్సీ మొదట్లో వ్యాకరణం అంతా సరిగ్గా ఉండి కూడా చదునుగా వినిపిస్తుంది. ఏది ముఖ్యమో ఎదుటివాళ్ళకి అందదు. రోజుకి ఒక వాక్యాన్ని తీసుకుని ఇలా రెండు మూడు రకాలుగా పలికి చూసుకోవడం కన్నా మంచి సాధన కనిపించదు.

గొంతు మీద పూర్తిగా ఆధారపడకుండా రాతలో కూడా నిలిచే పద్ధతి వాక్యాన్ని విడగొట్టడం. ‘అలీ బూద్ కె ఆమద్’ అంటే ‘వచ్చింది అలీ’. తెలుగులో ఇలాంటప్పుడు క్రియ రూపం మారిపోతుంది, ‘వచ్చాడు’ కాస్తా ‘వచ్చింది’ అవుతుంది. ఫార్సీలో క్రియ చెక్కుచెదరదు, ‘ఆమద్’ అలాగే ఉండి, ముందు ‘కె’ వచ్చి అతుకుతుంది. కాదనేటప్పుడు ఇది మరీ పనికొస్తుంది. ‘అలీ నయామద్’ అంటే ‘అలీ రాలేదు’. ‘వచ్చింది అలీ కాదు’ అనాలంటే ‘ఆనీ కె ఆమద్ అలీ నబూద్’. మన ‘లేదు’, ‘కాదు’ల మధ్య ఉన్న తేడాని ఫార్సీ ఇలా వాక్యం కట్టులో చూపిస్తుంది.

‘ఖొద్’ గురించి పైన ఒక్క ముక్క చెప్పి వదిలేశాం. ‘స్వయం’ అన్నది దాని మూలార్థం. కానీ ఇళ్ళలో, వీధుల్లో అది వినిపించే తీరు చూస్తే మన ‘ఏ’కి చాలా దగ్గర. ఫోన్ ఎత్తగానే గొంతు పోల్చుకుని ‘అలీ, ఖొదెతీ?’ అంటారు. ‘అలీ, నువ్వేనా?’ అని. ఎంతోసేపు వెతికిన వస్తువు కనపడగానే ‘ఖొదెషె!’ అంటారు. ‘ఇదే!’ అని. ‘ఖొదమ్ మీపజమ్’ అంటే ‘నేనే వండుకుంటాను’, ఎవరి సాయమూ అక్కర్లేదని. ‘మన్ మీపజమ్’ అని ‘మన్’ని నొక్కితే కూడా తెలుగులో ‘నేనే వండుతాను’ అనే అంటాం, కానీ అక్కడ మాట ‘నువ్వు కాదు, నేను’ అన్న పోటీ గురించి. ఇదీ ‘ఏ రకం ఏ’ అన్న ప్రశ్నే.

‘హమీన్’, ‘హమాన్’ల సంగతి ఇప్పుడు స్పష్టంగా చెప్పొచ్చు. వేలు పెట్టి చూపించగలిగే చోటు, వస్తువు, సమయం ఉంటే అవి వస్తాయి. ‘హమీన్ ఎమ్రూజ్’ అంటే ఇవాళే, ‘హమీన్ అల్‌ఆన్’ అంటే ఇప్పుడే, ఈ క్షణమే. ‘హమీన్ దీరూజ్’ అంటే ‘ఎప్పుడో కాదు, నిన్ననే’ అని దగ్గరతనాన్ని చెప్పడం. గొంతుతో నొక్కిన ‘దీరూజ్’కీ దీనికీ తేడా ఉంది, రెండింటికీ మనం ‘నిన్ననే’ అనేస్తాం. పండ్ల కొట్టులో ‘ఏది కావాలి?’ అంటే ‘హమీన్’ అన్న ఒక్క మాట చాలు. మాట్లాడేటప్పుడు ‘హమాన్’ని టెహ్రాన్‌వాళ్ళు ‘హమూన్’ అంటారు, ‘నాన్’ని ‘నూన్’ అన్నట్టే.

ఇక్కడ హైదరాబాద్ గుర్తుకు రాక మానదు. కుతుబ్‌షాహీల కాలం నుంచి ఫార్సీ అక్కడ దర్బారు భాష. నిజాం రాజ్యంలో 1880ల దాకా అధికార భాషగా ఉండి, తర్వాత ఉర్దూకి చోటిచ్చింది. దరఖాస్తు, గుమాస్తా, బందోబస్తు లాంటి మాటలు తెలుగులోకి ఆ బాటలో వచ్చినవే. కానీ హైదరాబాదీ దక్ఖనీలో, అంటే అక్కడి ఉర్దూ యాసలో, ‘ఐసాఇచ్’ (ఇలాగే) అని వినిపించే ‘ఇచ్’ మాత్రం ఫార్సీ సొమ్ము కాదు, మరాఠీలోని ‘చ’కి చెందింది. ‘ఏ’ లాంటి ఒంటి అతుకు అవసరమైనప్పుడు దక్ఖనీ పక్కింటి వైపు చూసింది. ఫార్సీ దగ్గర అలాంటిది లేదు మరి.

ఫార్సీ దగ్గర ఉన్నది, చూసిన కొద్దీ ముచ్చటేసేది ‘కె’. పైన వాక్యాన్ని విడగొట్టేటప్పుడు కనిపించిందే. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ‘అని’, ‘ఎవరైతే’, ‘ఏదైతే’ లాంటి అర్థాలతో పరిచయం చేసి వదిలేస్తారు. మాట్లాడే భాషలో అది ఒక మాట వెనకాల మెల్లగా అతుక్కుని, దాని మీద ఏ నొక్కూ లేకుండా, ముందున్న మాటకి బలం ఇస్తుంది. ‘మన్ కె నెమీదూనమ్’ అంటే ‘నాకైతే తెలీదు’. ‘పూల్ కె నదారమ్’ అంటే ‘డబ్బులైతే లేవు’. ఈ వాక్యాల్లో ‘కె’ అచ్చంగా మన ‘అయితే’. ఇంకొంచెం ముందుకి వెళ్తే ‘మన్ కె గొఫ్తమ్!’ అని వినిపిస్తుంది. ‘నేను చెప్పానుగా!’ అని. ‘తొ కె మీదూనీ’ అంటే ‘నీకు తెలుసు కదా’. ఈసారి అది ‘కదా’ అయింది. కాదనే ప్రశ్నలో పెడితే దానికి ఒక బెంగ, ఒక ఆశ తోడవుతాయి. ‘నారాహత్ కె నషొదీ?’ అంటే ‘బాధపడలేదు కదా?’ ‘యాదెత్ కె నరఫ్త్?’ అంటే ‘మర్చిపోలేదు కదా?’ ఈ ‘కె’ తీసేసి ‘నారాహత్ నషొదీ?’ అంటే ఉత్త ప్రశ్న మిగులుతుంది. అడిగినవాళ్ళు లోపల పడుతున్న టెన్షన్ అందులో ఉండదు. ఇంగ్లీషులో దీన్ని వివరించడానికి పేరాలు కావాలి, తెలుగులో ‘కదా’ అంటే అయిపోయింది.

‘హమ్’ కూడా అలాంటిదే. దాని అర్థం ‘కూడా’ అని ఒకసారి నేర్చుకుని ఆగిపోతే నష్టపోతాం. ‘యెక్ బార్ హమ్ నయామద్’ అంటే ‘ఒక్కసారి కూడా రాలేదు’. ఇంతవరకూ తేలికే. ‘ఖెయ్‌లీ హమ్ ఖూబె’ అంటే మాత్రం ‘చాలా కూడా బాగుంది’ కాదు. ఎవరో బాగాలేదన్నప్పుడు ‘ఎందుకు బాగాలేదు, చాలా బాగుంది’ అని ఎదురు చెప్పడం. ‘దీగె’ అన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి, మాటగా దాని అర్థం ‘ఇంకా, వేరే’. ‘బియా దీగె’ అంటే ‘రా ఇంక!’ అని తొందరపెట్టడం, ‘ఆరె దీగె’ అంటే ‘అవును మరి’. వాక్యం చివర ‘హా’ చేర్చి ‘యాదెత్ నరె హా!’ అంటే ‘మర్చిపోకేం!’ ఇవన్నీ మాట్లాడే భాషవి. ఉత్తరాల్లో, వ్యాసాల్లో రాయకూడదు.

‘అస్లన్’ అనే మాటకి విడిగా ఒక పేరా ఇవ్వాల్సిందే. అరబ్బీ ‘అస్ల్’ నుంచి వచ్చిన ఈ మాట ఫార్సీలో రెండు పనులు చేస్తుంది. ‘అస్లన్ నెమీదూనమ్’ అంటే ‘అస్సలు తెలీదు’. ‘అస్లన్ తొ చీ మీగీ?’ అంటే ‘అసలు నువ్వేమంటున్నావు?’ మన ‘అసలు’కీ మూలం ఆ ‘అస్ల్’ మాటే. కాదనేటప్పుడు క్రియ ముందు, విసుగొచ్చి మొదటికి వెళ్ళేటప్పుడు వాక్యం ముందు, రెండు చోట్లా తెలుగులో ‘అసలు’ ఎలా కూర్చుంటుందో ఫార్సీలో ‘అస్లన్’ అలాగే కూర్చుంటుంది. తేడా ఒక్కటే. బలం పెరిగేకొద్దీ మనం హల్లుని రెట్టించి ‘అస్సలు’ అంటాం, ‘ఒక’ని ‘ఒక్క’ చేసినట్టు. ‘ఎవరూ రాలేదు’ అన్నట్టే ‘హీచ్‌కస్ నయామద్’లోనూ క్రియ వ్యతిరేకంగానే ఉండాలి. ఇందులో తెలుగువాళ్ళు తడబడే అవకాశం లేదు. గుణాన్ని రెట్టించడం కూడా ఇంటి పద్ధతే: ‘దాగ్-ఎ దాగ్’ అంటే వేడివేడిగా, ‘యవాష్ యవాష్’ అంటే మెల్లమెల్లగా.

ఒక జాగ్రత్త. క్రియ తర్వాత ఏదైనా మాట వినిపిస్తే అది నొక్కిన మాట అనుకోకూడదు. ‘రఫ్తమ్ ఖూనె’ (వెళ్ళాను ఇంటికి) అన్నది ఫార్సీ మాటల్లో చాలా మామూలు, వెళ్ళే చోటు అలా క్రియ వెనక్కి పోవడం అలవాటు. ‘ఆమద్ అలీ’ అన్నప్పుడు బలం ‘ఆమద్’ మీద ఉంటుంది. అలీ ఎవరో ముందే తెలుసు కాబట్టి చివర్లో మెల్లగా వచ్చి చేరాడు. ‘వచ్చాడు మా అన్నయ్య’ అన్నప్పుడు మనం చేసేదీ అదే.

ఇంకొకటి, తెలుగువాళ్ళు వింటే ఆశ్చర్యపోయేది. ‘నెమీయాయీ?’ అంటే ‘రావా?’ దానికి ‘వస్తాను’ అని ఎదురు చెప్పాలంటే ఫార్సీవాళ్ళు ‘చెరా, మీయామ్’ అంటారు. ‘చెరా’ అంటే ‘ఎందుకు’. ‘ఎందుకు రాను, వస్తా’ అని మనం అనే మాటే, మధ్యలో ‘రాను’ని మింగేసి. ‘తెలీదా?’ అంటే ‘చెరా, మీదూనమ్.’ ‘ఎందుకు తెలీదు, తెలుసు.’ ఇక్కడ అలవాటు కొద్దీ ‘బలె’ (అవును) అనేసి ఊరుకుంటే, మన ‘రావా?’ అన్న ప్రశ్నకి ఉత్త ‘అవును’ అన్నట్టే ఉంటుంది. వస్తారో రారో తేలక, అడిగినవాళ్ళు మళ్ళీ అడుగుతారు.